తాడు లేని బండి

మన పత్రిక సంపాదకులు ఫోను చేసి, "ఈసారి మీ బ్యాంకు అనుభవాల్లోంచి ఏదైనా రాయండి, సకుటుంబంగా చదువుకునేట్టు ఉండాలి" అన్నారు. బ్యాంకు అనుభవాలంటే జనం ఏం ఆశిస్తారో నాకు తెలుసు. దొంగ సంతకాలు, పోయిన పాసుపుస్తకాలు, పింఛను రోజున పెద్దవాళ్ళ కీచులాటలు. అవన్నీ నా దగ్గరా ఉన్నాయి. కానీ కొంతకాలంగా నా మనసులో తిరుగుతున్నది వేరే ఒకటుంది. అది సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి సంగతి. ఇది సకుటుంబంగా చదవదగ్గ విషయమేనా అని ఎవరికైనా అనుమానం వస్తే, ఆ బండి వచ్చేది కూడా కుటుంబాలున్న ఇళ్ళకేనని మనవి చేసుకుంటున్నాను.

నా గురించి రెండు ముక్కలు. మా తాతగారు పుంగనూరు నుంచి కోలారు వచ్చి చింతపండు వ్యాపారం పెట్టారు. అప్పటినుంచీ ఇక్కడివాళ్ళమే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసి ఆఫీసరునయ్యాను. కోలారు జిల్లాలోనే అటూ ఇటూ తిరుగుతూ రిటైర్మెంటు దగ్గరికి వస్తున్నాను.

మా బ్రాంచికి నగదు పెట్టెలు తెచ్చే వ్యానును ఒక అబ్బాయి నడిపేవాడు. కాంట్రాక్టరు మనిషి. ఏడేళ్ళపాటు ఉదయం పదిన్నరకల్లా వ్యాను వెనక తలుపును మా గుమ్మానికి గీత గీసినట్టు ఆనించి నిలబెట్టేవాడు. తుపాకీ గార్డు దిగి, పెట్టెలు దిగి, సంతకాలు అయ్యేదాకా సీటు వదలకూడదని వాళ్ళ రూలు. అన్నీ అయ్యాక లోపలికొచ్చి టీ తాగేవాడు. కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టాడు. వాళ్ళింటి తెలుగులో కన్నడం, తమిళం సమపాళ్ళలో కలిసి ఉంటాయి. నాతో ఆ తెలుగులోనే మాట్లాడేవాడు.

2023లో నగదు రవాణా కాంట్రాక్టు వేరే ఏజెన్సీకి మారింది. వాళ్ళు తమ డ్రైవర్లను తెచ్చుకున్నారు. మూడు నెలలు ఈ అబ్బాయి కనిపించలేదు. నాలుగో నెలలో పాసుపుస్తకం పట్టుకుని వచ్చాడు.

"పని దొరికింది సార్. సక్కింగ్ బండి."

బెంగళూరు ఇంగ్లీషులో ఆ బండిని హనీ సక్కర్ అంటారు. తేనె పీల్చేది అని అర్థం. పేరు పెట్టినవాడెవడో గాని మహా చమత్కారి. నేను బ్యాంకువాణ్ణి కాబట్టి మొదట జీతం ఎంతని అడిగాను. వ్యానుకన్నా నెలకు ఐదు వేలు ఎక్కువ. "డబ్బు మోసే బండి దిగి ఈ బండి ఎక్కినావా!" అంటే నవ్వాడు.

"దాంట్లో నాది ఒక్క రూపాయి లేదు సార్. దీంట్లోనూ నాదేం లేదు. రెండూ ఒకచోట ఎత్తి ఇంకోచోట దించేదే కదా."

మాటల్లో టీ వచ్చింది. ఏడేళ్ళు మా అందరితోపాటు గాజు గ్లాసులో టీ తాగినవాడికి ఆ రోజు మా అటెండరు కాగితం కప్పులో తెచ్చాడు. కాగితం కప్పులు మా బ్రాంచిలో పెద్ద కస్టమర్లకు వాడతాం. అలా అని సరిపెట్టుకోవచ్చు. ఆ అబ్బాయి కప్పు వైపు ఒకసారి, మా అటెండరు వైపు ఒకసారి చూసి తాగేసి, కప్పు తనే తీసుకెళ్ళి బుట్టలో వేశాడు. నేను లేచి రెండు గాజు గ్లాసుల్లో మళ్ళీ టీ పోయించాను. ఆ రెండో టీ ఇద్దరికీ ఎక్కువే అయింది గాని, తాగాం.

వారం తిరక్కుండా వాళ్ళమ్మ వచ్చింది. ఒక స్కూల్లో ఆయాగా చేస్తుంది. పాసుపుస్తకం ఎంట్రీ వేయించుకునే వంకతో వచ్చి, లైనంతా అయిపోయేదాకా బల్ల మీద కూర్చుని, అప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"వాడు మీ మాట వింటాడు సార్. ఆ పని వద్దని మీరు చెప్పండి."

ఎందుకని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"మా మామ నెత్తిన మోసినాడు సార్. నా మొగుడు తోపుడు బండిలో తోసినాడు. వీడు స్టీరింగు పట్టుకున్న రోజు మా ఇంటికి ఆ పీడ వదిలిందనుకుంటి. ఇప్పుడు ఆ స్టీరింగు పట్టుకునే మళ్ళీ అందులోకే పోయినాడు."

ఇక్కడ ఆ ఊరి సంగతి కాస్త చెప్పాలి. కె.జి.ఎఫ్. అంటే ఈ కాలం పిల్లలకు సినిమా పేరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఆ గనులు చేపట్టింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చి అక్కడ దీపాలు వెలిగాయి. మన దేశంలో మహామహా పట్టణాలు అప్పటికి లాంతర్లతో ఉన్నాయి. అంత ముందే కరెంటు చూసిన ఊళ్ళో, 1990లలో కూడా మనిషి చేత్తో ఎత్తివేయవలసిన పాయిఖానాలు ఉన్నాయి. ఎత్తినవాళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. 2016లో మెగసెసే బహుమతి అందుకున్న బెజవాడ విల్సన్ అలాంటి కుటుంబంలో, ఆ ఊళ్ళోనే పుట్టారు. ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్ మొదలైంది అక్కడి పాయిఖానాల మీద కోపంతోనే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తరువాత వేలమంది బ్రతుకు మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్ళే రైళ్ళలో పడింది. తెల్లవారక ముందు ఎక్కితే రాత్రికి ఇల్లు.

ఆమె తమ్ముడు కూడా ఆ రైల్లో వెళ్ళినవాడే. అది 1998. గనులు మూతపడకముందే కూలిపని కోసం బెంగళూరు వెళ్ళాడు. ఒక ఇంటి సెప్టిక్ ట్యాంకులోకి నడుముకు తాడు కట్టి దించారు.

"తాడు పైకొచ్చింది సార్. వాడు రాలేదు."

1993 తరువాత ఇలా చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. కానీ వీళ్ళ దగ్గర మరణ కారణం రాసిన కాగితం లేదు. కాగితం లేకపోతే ఏమవుతుందో నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

ఒకసారి ఆ పని స్వయంగా చూసి అప్పుడు చెప్తానని ఆమెను పంపించాను. ఆదివారం నేను కూడా వస్తానంటే ఆ అబ్బాయి ముందు నమ్మలేదు. మా ఆవిడ మాత్రం వెంటనే నమ్మి, పెరట్లో రెండు బకెట్ల నీళ్ళు, పాత లుంగీ పెట్టి ఉంచింది. "లోపలికి రాకముందే స్నానం" అని షరతు.

బండి పాతదే, చిన్న లారీ చట్రం మీద నాలుగు వేల లీటర్ల ఇనప పీపా బిగించారు. వెనక గుండ్రటి పెద్ద తలుపు. పక్కన అరల్లో రబ్బరు గొట్టాలు, ఒక్కొక్కటి ఏనుగు తొండమంత. బండికి ఇద్దరు: డ్రైవరు, హెల్పరు. ఈ బండి మురుగును ఎలా పీల్చుతుందని అడిగితే నా శిష్యుడు నన్నే సరిదిద్దాడు.

"బండి పీల్చదు సార్. గాలి తోస్తుంది."

సంగతేమిటంటే, ఇంజను గేరుబాక్సు నుంచి ఒక షాఫ్టు తీసి దానితో పంపు తిప్పుతారు. ఆ పంపు మురుగును ముట్టుకోదు. పీపాలోని గాలిని మాత్రం బయటికి తోడేస్తుంది. లోపల గాలి తగ్గేసరికి, బయట మన నెత్తిమీద ఎప్పుడూ ఉండే గాలి బరువే గుంటలోని మురుగును నొక్కి గొట్టం గుండా పీపాలోకి ఎక్కిస్తుంది. అందుకే ఎంత గొప్ప పంపయినా పది మీటర్ల లోతు నుంచి మించి నీళ్ళు ఎక్కించలేదు. మన కోలారు సముద్రమట్టానికి ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ అది ఇంకా తక్కువ. నేను ఇంటరులో ఈ పాఠం చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ ఆదివారం.

మొదటి ఇల్లు ఒక రిటైర్డు దంపతులది. సందు ఇరుకు. అద్దాల్లో చూస్తూ రివర్సులో నూరడుగులు తెచ్చి, గోడకు జానెడు దూరంలో ఆపాడు. బ్యాంకు గుమ్మానికి ఆనించిన చెయ్యే కదా. దిగగానే పని మొదలుపెడతారనుకున్నాను. లేదు. మూత తీసి దూరంగా వచ్చి నిలబడ్డారు. ఇరవై నిమిషాలు. ఇంటాయనకు విసుగు. "కానివ్వండయ్యా" అంటున్నాడు. "గాలి పోనీండి సార్" అని ఇతను.

ఆ గాలిలోనే ఉంది మర్మమంతా. సెప్టిక్ ట్యాంకులో కుళ్ళిన గుడ్డు వాసన వేసే వాయువు ఒకటి పుడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడు. కొంచెం ఉన్నప్పుడు ముక్కు పగిలిపోతుంది. పది లక్షల భాగాల గాలిలో అది నూరు భాగాలు చేరేసరికి ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. వాసన పోయింది, ఇంక భయం లేదని దిగినవాడు దిగినట్టే పడిపోతాడు. వాణ్ణి లాగబోయి రెండోవాడు, వాళ్ళిద్దరి కోసం మూడోవాడు. పేపర్లో వచ్చే ఇలాంటి వార్తల్లో చనిపోయినవాళ్ళ సంఖ్య ఎందుకు ఒకటితో ఆగదో అప్పుడు తెలిసింది. అది కాక మండే వాయువు ఇంకొకటి ఉంటుంది. మూత దగ్గర బీడీ, అగ్గిపుల్ల నిషిద్ధం. వెలుతురు కోసం కాగితం వెలిగించి లోపల వేసి చూసే తెలివైనవాళ్ళు కూడా ఉన్నారట.

గొట్టం దించాక నేను మురుగును చూడబోయాను. ఇతను గొట్టం మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు, డాక్టరు నాడి పట్టినట్టు. నీళ్ళలాంటిది పోతుంటే గొట్టం సన్నగా వణుకుతుందట, చిక్కటి బురద పోతుంటే బరువుగా అదురుతుందట, ఏదైనా అడ్డం పడితే బిగుసుకుంటుందట. పీపా మీద ముల్లు, చేతికింద గొట్టం, చెవిలో పంపు మోత. ఈ మూడింటితోనే పని. మొదటి నెలలో పాత డ్రైవరు ఇతనికి కళ్ళు మూసుకోమని చెప్పి నేర్పాడట. అడుగున కాస్త బురద మిగిల్చి గొట్టం తీసేశాడు. అంతా లాగెయ్యమని ఇంటాయన పట్టుబడితే, ఆ మిగిలినదాంట్లో ఉండే క్రిములే మళ్ళీ ట్యాంకును పనిలో పెడతాయని చెప్పాడు. పెరుగుకు తోడు ఉంచుకోవడం లాంటిదే. ఈ పోలిక నాది, చదివేవాళ్ళు భోజనం ముందు కాకుండా చూసుకోండి.

వాసన సంగతి అందరూ అడుగుతారు. ఉంది. మొదటి పది నిమిషాలు కడుపులో తిప్పింది. తరువాత గంటసేపు నాకు అది గుర్తేలేదు. అతను మాత్రం మొదటివారం అన్నం తినలేకపోయానని చెప్పాడు. వాసన వల్ల కాదట. చేతులు ఎన్నిసార్లు కడిగినా కడగలేదనే అనుమానమట.

నిండిన బండి నడపడం అన్నింటికన్నా కష్టమైన విద్య అని అతని అభిప్రాయం. నాలుగు వేల లీటర్లంటే నాలుగు టన్నుల పైమాట. నిండుగా ఉంటే నయమే. సగం నిండితేనే ప్రమాదం. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది, లోపలిది ఆగదు. ముందుకొచ్చి గుద్ది బండిని ఇంకో అడుగు తోస్తుంది. మలుపులో ఒక పక్కకు ఒరిగిపోతుంది. "క్యాష్ వ్యానులో వెనకాల పెట్టెలు కదలవు సార్. ఇది కదులుతానే ఉంటుంది. దానికి ముందుగా చెప్పి బ్రేకు వేయాల" అన్నాడు. నిజంగానే చెప్పినట్టు, సిగ్నలుకు వంద గజాల ముందునుంచే మెల్లగా కాలు మోపుతున్నాడు.

మనుషుల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. ట్యాంకు పొంగినప్పుడు ఫోనులో "అన్నా, కొంచెం తొందరగా రా" అంటారు. బండి రాగానే అన్నా అన్న పిలుపు మాయమవుతుంది. బండి పక్కింటి ముందు పెట్టమంటారు. డబ్బులు గేటు స్తంభం మీద పెట్టి తీసుకోమంటారు. నీళ్ళు అడిగితే ప్లాస్టిక్ సీసా ఇచ్చి తిరిగి ఇవ్వనక్కరలేదంటారు. మొదటి ఇంటి పెద్దావిడ మాత్రం ముగ్గురికీ స్టీలు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చి, గ్లాసులు చేత్తోనే వెనక్కి తీసుకుంది. ఆ అబ్బాయి నా చెవిలో, "ఇట్లాంటోళ్ళ ఇండ్లు గుర్తుపెట్టుకుంటా సార్, ఫోను వస్తే ముందు అక్కడికే పోతా" అన్నాడు. బ్యాంకులో మేమూ అంతే.

ఇంక ఆ రోజు రెండో పని. ఒక అపార్టుమెంటు. పేరు అనవసరం. పావువంతు తోడాక గొట్టం బిగుసుకుపోయింది. పంపు మోత మారింది. గొట్టం తీసి చూస్తే ఏమీ లేదు. అడ్డం గుంట లోపల పైపు నోటి దగ్గర ఉంది. అపార్టుమెంటు పెద్దమనిషి ఒకాయన, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, వచ్చి చూసి చాలా మెత్తగా అన్నాడు: "ఐదు నిమిషాల పనే కదా. ఈ హెల్పరు కుర్రాణ్ణి కొంచెం దించితే సరి. వెయ్యి రూపాయలు వేరేగా ఇస్తాను."

హెల్పరుకు పందొమ్మిదేళ్ళు. వెయ్యి అనేసరికి చొక్కా గుండీ మీద చెయ్యి వేశాడు. నేను చూశాను.

మా అబ్బాయి గొంతు పెంచలేదు. "దిగేది లేదు సార్. మా బండికి ఆ పని లేదు" అన్నాడు. పెద్దమనిషి రెండు వేలన్నాడు. తరువాత వేరే బండి పిలుస్తానన్నాడు. అప్పుడు ఇతను, "పిలుచుకోండి సార్. కానీ దించితే దించినోళ్ళకే జైలు. 2013 చట్టం" అన్నాడు. ఆయన నా వైపు చూశాడు, నేనే ఓనరు అనుకుని. నేను చట్టం వివరం చెప్పాను. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి గాని, మురుగు కాలువలోకి గాని దించితే మొదటిసారి రెండేళ్ళదాకా జైలు, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఐదేళ్ళు, ఐదు లక్షలు. బండి ఎక్కబోయే ముందు రాత్రి చదువుకుని వచ్చాను కాబట్టి సెక్షను నంబరుతో సహా అప్పజెప్పాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో సెక్షను నంబరు ఇంత సంతోషంగా ఎప్పుడూ చెప్పలేదు.

తరువాత రెండు గంటలు పట్టింది. పంపును తిరగేసి గాలిని లోపలికి తోశారు. పై ట్యాంకు నుంచి నీళ్ళు పట్టి బురదను పలచన చేశారు. చివర కొక్కెం ఉన్న పొడుగాటి ఇనప కమ్మీతో కెలికారు. చివరికి బయటపడింది ఒక పాత తువాలు, దానికి చుట్టుకుని పిల్లల డైపర్లు. పెద్దమనిషి ఆలస్యమైందని మూడువందలు తగ్గించి ఇచ్చాడు. తిరుగుదారిలో హెల్పరు కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వెయ్యి పోయింది కదన్నా" అన్నాడు. "పోయింది" అన్నాడు ఇతను. అంతే.

నాకు అర్థమైనంతవరకు ఆ ఉద్యోగంలో అసలు పని అదే. నడపడం, గొట్టం పట్టడం, ముల్లు చూడడం ఎవరైనా నెల రోజుల్లో నేర్చుకుంటారు. దిగేది లేదు అని మెత్తగా, మొహం మాడ్చుకోకుండా, డబ్బు పోగొట్టుకుని చెప్పగలగడం కష్టం. వాళ్ళ మామకు ఆ మాట అనే వీలు ఉండి ఉండదు.

బండిలో నిండినది ఎక్కడికి పోతుందనేది వేరే కథ, కొంచెమే చెప్తాను. బెంగళూరు విమానాశ్రయం దారిలో ఉన్న దేవనహళ్ళిలో 2015 నుంచి ఈ బురదను శుద్ధి చేసే కేంద్రం ఉంది. ఇలాంటివాటిలో దేశంలో మొదటిదిగా దానికి పేరు. అక్కడ దీన్ని ఆరబెట్టి, ఊరి తడిచెత్తతో కలిపి ఎరువు చేస్తారు. అలాంటి కేంద్రం దగ్గర లేనిచోట, రైతులే పిలిచి తోటల్లో పోయించుకోవడం కూడా ఉంది. పచ్చిగా పోస్తే అందులోని నులిపురుగుల గుడ్లు అలాగే మట్టిలోకి పోతాయి, కాబట్టి నేను దాన్ని సమర్థించను. కానీ అసహ్యించుకునే హక్కు కూడా మనకు లేదు. 2018 నుంచి మా కోలారు చెరువులు నింపుతున్నది బెంగళూరు మురుగును శుద్ధి చేసి పంపిన నీరే. మా ఆవిడ కొనే టమాటాకు ఆ సంగతి తెలియదు, మా ఆవిడకు తెలిసినా టమాటా కొనడం మానలేదు.

ఇంకొక్క మాట ఇక్కడే అనేస్తాను, సంపాదకులు కత్తిరించకుండా ఉంటే. ఉగాదికి మనం కలుసుకున్నప్పుడు, రాష్ట్రం కాని రాష్ట్రంలో మూడు తరాలుగా తెలుగు నిలుపుకున్నామని ఒకరినొకరు మెచ్చుకుంటాం. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికులలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. కె.జి.ఎఫ్.లో బకెట్లు మోసినవాళ్ళూ తెలుగు నిలుపుకున్నారు. బడి లేకుండా, పత్రిక లేకుండా, సంఘం లేకుండా. మన సభ్యత్వ రిజిస్టరులో వాళ్ళెవరూ లేరు.

సరే, మళ్ళీ ఆ తల్లి దగ్గరికి. సోమవారం సాయంత్రం వచ్చింది. నేను చూసినదంతా చెప్పాను. గాలి పోయేదాకా ఆగడం, గొట్టం, ముల్లు, రెండు వేలకు కూడా దిగనన్న సంగతి, అన్నీ. మీ అబ్బాయిని మానమని నేను చెప్పలేను అన్నాను. మొదటినుంచి చివరిదాకా కదలకుండా విని, ఒకే ప్రశ్న అడిగింది.

"బండిలో తాడుందా సార్?"

ఉంది. గొట్టాల చుట్టలు జారకుండా కట్టే తాడు ఒకటి, డ్రైవరు సీటు వెనక చూశాను. ఉందన్నాను. ఆమె లేచి వెళ్ళిపోయింది.

మిగతాది ఆ అబ్బాయే చెప్పాడు. మర్నాడు తెల్లవారుజామున బండి నిలిపే చోటికి వచ్చి, కొడుకుతో ఒక్క మాట మాట్లాడకుండా క్యాబిన్ ఎక్కి తాడు లాగి చుట్ట చుట్టుకుని చంకలో పెట్టుకుని రైలెక్కిందట. ఓనరు ముందు కోప్పడ్డాడు, తరువాత ఊరుకున్నాడు. ఆ తాడు మీద ఇప్పుడు వాళ్ళింట్లో బట్టలు ఆరేస్తున్నారు. బండిలో గొట్టాలను పాత సైకిలు ట్యూబులు కోసి కడుతున్నారు. తాడుకన్నా ట్యూబే బాగా పడుతుందని హెల్పరు అభిప్రాయం. పని మానమని ఆమె మళ్ళీ అనలేదు. నిరుడు అతనికి పెళ్ళయింది. ఏం పని అని అడిగినప్పుడు ఆమె "ట్యాంకరు డ్రైవరు" అని చెప్పి, అడిగినవాళ్ళు నీళ్ళ ట్యాంకరా అంటే కాదని, ఫలానా ట్యాంకరని కూడా తనే చెప్పిందట. రెండు సంబంధాలు పోయి మూడోది కుదిరింది.

ఈ మధ్య అతను సొంత బండి కోసం అప్పుకు వచ్చాడు. ఇలాంటి యంత్రాలకు అప్పు ఇప్పించడానికి 1997లో ఏర్పడిన జాతీయ సఫాయి కర్మచారుల ఆర్థికాభివృద్ధి సంస్థ ఉంది. 2023లో వచ్చిన నమస్తే పథకంలో సబ్సిడీ కూడా ఉంది. ఈ సంగతి మన చుట్టుపక్కల ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. ఆ బ్రాంచిలో ఇలాంటి బండికి అప్పు ఫైలు ఇదే మొదటిది. రోజుకు ఎన్ని ట్రిప్పులు, ట్రిప్పుకు డీజిలెంత, వానాకాలంలో గిరాకీ ఎంత, అన్నీ అతను నోటితో చెప్తుంటే నేను రాసుకున్నాను. ఆ అబ్బాయి లెక్క, చేతిలో కాగితం ఉన్న చాలామంది లెక్కకన్నా గట్టిగా ఉంది. మా అటెండరు ఇద్దరికీ టీ తెచ్చాడు. గాజు గ్లాసుల్లోనే.

బండి కట్టేవాళ్ళ కొటేషనులో కడపటి పేజీలో విడి సామాన్ల జాబితా ఉంది. గొట్టాలు, బిగింపులు, చేతి తొడుగులు, గమ్ బూట్లు. తొమ్మిదో వరుసలో నైలాను తాడు, 30 మీటర్లు, ఒకటి, 1,150 రూపాయలు. అతను నా ఎర్ర పెన్ను అడిగి తీసుకుని ఆ వరుస కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు.

ఫైలు రీజనల్ ఆఫీసుకు వెళ్ళింది. పదిహేను రోజులకు ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది: కొటేషను మొత్తానికీ, అభ్యర్థించిన రుణానికీ 1,150 రూపాయల తేడా ఎందుకున్నదో వివరించగలరు. నేను కింద రాసి పంపాను: సదరు వస్తువు రుణగ్రహీత వృత్తికి అవసరం లేదు.

గత గురువారం మంజూరైంది.